చూసిన సినిమా మీద మన తెలుగులో మాట్లాడుకుంటే...

అక్టోబరు వచ్చిందంటే జవళగిరి చుట్టుపక్కల పొద్దుగూకినాక ఎవరూ పెద్దగా బయట తిరగరు. బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగుల మందలు జవళగిరి అడవి మీదుగా డెంకణికోట, హోసూరు వైపు దిగే కాలం అది. రాగి చేలు కోతకు వచ్చి ఉంటాయి. కాపలా ఉండేవాళ్లు మంచె ఎక్కుతారు. తక్కినవాళ్లం తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉంటాం. కిందటేడు అలాంటి ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఎవరింట్లో వాళ్లం ఫోన్లు ముందు పెట్టుకుని ఒక పాత తెలుగు సినిమా గురించి మాట్లాడటానికి కూర్చున్నాం.

మాలో ముగ్గురం తెలుగు బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లం. ఐదుగురం పిల్లల్ని ఆ బడులకు పంపే తల్లిదండ్రులం. అవతల హైదరాబాదు, బెంగళూరు, విశాఖపట్నం, ఇంకా విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు. అందరూ కలిసి నడుపుకునే ఒక సినిమా చర్చా బృందంలో మేము అప్పుడే చేరాం. థియేటర్లలో పెద్దగా ఆడని, టీవీలో అరుదుగా వచ్చే, పేరు విన్నా చూడని సినిమాలు వాళ్లు ఎంచుకుంటారు. నెలకు రెండు సినిమాలు. ఎవరింట్లో వాళ్లు చూసుకోవాలి. రెండో, నాలుగో శనివారం రాత్రి గంటన్నర మాట్లాడుకోవాలి. రుసుము లేదు.

ఆ గంటన్నర మా ఇళ్లలో, మా బడుల్లో ఏం తెచ్చిందో, ఏం తేలేదో తోటి అమ్మానాన్నలతో, తోటి ఉపాధ్యాయులతో పంచుకోవాలనే ఇది రాస్తున్నాం.

చదివేకి రాదు, చెప్పేకి వస్తుంది

చేరిన మొదటి వారమే చిక్కు వచ్చింది. బృందం నుంచి వచ్చే కబురంతా తెలుగు లిపిలో ఉండేది. ఏ సినిమా, ఎవరు తీశారు, ఏ విషయాలు గమనించాలి అని ఒక పేజీ రాసి పంపేవారు. మా ఐదుగురు తల్లిదండ్రుల్లో నలుగురికి తెలుగు చదవడం రాదు. ఇంట్లో తెలుగు, పొలంలో తెలుగు, పెళ్లిలో తెలుగు. బడి మాత్రం తమిళం. మా తరంలో చాలామందిది ఇదే కథ. ఊళ్లో తెలుగు బడి ఉన్నా దూరమనో, ఐదో తరగతి దాటితే పైన లేదనో తమిళంలోకి మారినవాళ్లమే ఎక్కువ.

మాలో ఒక అక్క తళి వైపు గులాబీ తోటలో పనికి పోతుంది. ఆమె మొదటి రోజే చెప్పేసింది, "నాకు చదివేకి రాదు, చెప్పేకి వస్తుంది. నన్ను పెట్టుకుంటారా?" అని. అవతలివాళ్లు సంతోషంగా పెట్టుకుంటామన్నారు. అయినా ప్రతి పక్షానికి వచ్చే ఆ పేజీ ఎవరు చదవాలి? ఆమె కూతురు అప్పుడు ఐదో తరగతి, తెలుగు మాధ్యమం. శుక్రవారం రాత్రి సంగటి తిన్నాక ఆ పాప గట్టిగా చదివేది, తల్లి పక్కన కూర్చుని వినేది. అర్థం కాని మాట వస్తే పాపకూ తెలిసేది కాదు. మరునాడు బడిలో అయివారిని అడిగేది. "నేపథ్యం అంటే ఏంది సార్?", "ఛాయాగ్రహణం అంటే ఫోటో తీయడమేనా?" అనే ప్రశ్నలు అలా మా తరగతి గదిలోకి వచ్చాయి. పాఠంలో లేని మాటలు ఇంటి నుంచి బడికి రావడం మా ఉద్యోగ జీవితంలో మేము చాలా అరుదుగా చూశాం.

మొదటి సినిమా: ఎవరి కథ, ఎవరి భాష?

మేము చేరినాక వచ్చిన మొదటి సినిమా 'ఒక ఊరి కథ'. 1977లో మృణాల్ సేన్ తీశారు. ఆయన బెంగాలీ. కథకు మూలం ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్'. ముఖ్యపాత్ర వేసిన ఎం.వి.వాసుదేవరావు కన్నడ నటుడు, 'చోమన దుడి'లో చోముడిగా జాతీయ ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నాయన. కోడలు నీలమ్మగా వేసిన మమతా శంకర్ కూడా బెంగాలీ. సినిమా మాత్రం తెలుగు.

కథ చిన్నది. వెంకయ్య అనే ముసలాయన, అతని కొడుకు కిష్టయ్య. ఎంత చాకిరీ చేసినా లాభం ఆసామికే పోతుంది కాబట్టి పని చేయడమే తెలివితక్కువ అని వెంకయ్య వాదం. దొంగతనం, అడుక్కోవడం, ఆకలి. ఆ ఇంటికి నీలమ్మ కోడలిగా వస్తుంది. పని చేసి ఇల్లు నిలబెట్టాలని చూస్తుంది. చివరికి కాన్పు నొప్పులతో చనిపోతుంది. తండ్రీకొడుకులు ఆమె అంత్యక్రియల కోసం ఊరి మీద డబ్బు అడుక్కోవడానికి బయలుదేరతారు.

ఆ రాత్రి చర్చ మేము అనుకున్నట్లు సాగలేదు. నగరాల్లో ఉన్నవాళ్లు వెంకయ్యలో తిరుగుబాటు చూశారు. మాలో ఒక తండ్రి, హోసూరు సిప్‌కాట్‌లో షిఫ్టు పనికి పోయే ఆయన, ఒప్పుకోలేదు. "ఆసామి దోచుకున్నాడు, సరే. ఆ పిల్లను దోచుకున్నది ఎవరు? వీళ్లిద్దరే కదా" అన్నారు. గులాబీ తోట అక్క ఇంకో మాట అంది. "పని చేయకుండా ఉండేకి మొగోళ్లకు వీలైంది. నీలమ్మ పని చేయకపోతే పొయ్యి ఎవరు ముట్టిస్తారు?" ఒక్క నిమిషం అవతల ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత గంటసేపు చర్చ అంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

ఫోన్లు పెట్టేశాక మేము వేరే సంగతి మాట్లాడుకున్నాం. హిందీ, ఉర్దూ రెంటిలోనూ రాసిన రచయిత కథను బెంగాలీ దర్శకుడు తీసుకుని, కన్నడ నటుడితో తెలుగులో తీస్తే అది తెలుగు సినిమా అయింది. మా జిల్లాలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ ఒకే బస్సులో ప్రయాణిస్తాయి. ఇన్ని భాషల మధ్య బతకడం మాకో లోపమని మాకు నేర్పారు. అదే ఒక బలం కూడా కావచ్చని ఒక సినిమా పేర్ల పట్టిక చెప్పింది.

"మీరు తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!"

అన్నీ ఇంత బాగా జరగలేదు. మూడో సమావేశంలో మాలో ఒక తల్లి తన అభిప్రాయం చెప్పింది. మన పలుకుబడిలోనే చెప్పింది. "ఆ ఇల్లు చూస్తా ఉంటే మా అవ్వోళ్ల ఇల్లు మాదిరి ఉండాది" అని మొదలుపెట్టింది. ఆమె ముగించాక అవతలి నుంచి ఒకరు మెచ్చుకుంటున్నట్లే అన్నారు, "మీరు తమిళులైనా తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అని.

ఆయన మనసులో చెడు లేదు. అయినా ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. తిరుపతి కొండ మీద, హైదరాబాదు బస్టాండులో, పెళ్లి సంబంధాలు చూడబోయిన చోట మనం విన్నదే. ఇక్కడ తమిళనాట మనల్ని తెలుగువాళ్లంటారు, అక్కడికి పోతే తమిళులంటారు. ఆమె ఆ తర్వాత రెండు సమావేశాలకు రాలేదు. వచ్చినా మైకు తెరవలేదు. "నా మాటకు వాళ్లు నవ్వుతారు. నేను వింటాను, చాలు" అంది.

దీని గురించి బృందం నిర్వాహకులకు మేము విడిగా చెప్పాం. వాళ్లు క్షమించమన్నారు. కానీ మర్యాదతో తీరే చిక్కు కాదిది. ఆమె నోరు మళ్లీ తెరిపించింది ఒక సినిమా.

'దాసి' ముందు పెట్టిన అద్దం

బి.నర్సింగరావు 'దాసి' 1988 నాటిది. తెలంగాణలో గడీల కాలం, దొర ఇంట్లో దాసిగా బతుకు ఈడ్చే కమలాక్షి కథ. ఆ ఏటి జాతీయ బహుమతుల్లో ఐదు దీనికే వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి, ఛాయాగ్రహణం, కళా దర్శకత్వం, దుస్తులు. కళా దర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం. కమలాక్షిగా వేసిన అర్చన అంతకుముందు ఏడాదే బాలు మహేంద్ర తమిళ చిత్రం 'వీడు'కు జాతీయ ఉత్తమ నటి. వరుసగా రెండేళ్లు, ఒకసారి తమిళంలో, ఒకసారి తెలుగులో. ఈ సంగతి మా జిల్లా ఆడపిల్లలకు చెప్పదగ్గది.

ఇది పెద్దవాళ్లు మాత్రమే చూడవలసిన సినిమా. అందులో మాటలు తక్కువ. కమలాక్షి ఊడుస్తుంది, నీళ్లు మోస్తుంది, పిలిస్తే పోతుంది. మొదటి అరగంట మాలో ఇద్దరికి నిద్ర వచ్చిందని దాచకుండా చెప్తున్నాం. "ఏమీ జరగడం లేదే" అనిపించింది. రెండో రోజు మళ్లీ చూసినప్పుడు, ఆ జరగకపోవడమే ఆమె జీవితమని అర్థమైంది.

ఆ చర్చలో వరంగల్లు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన చిన్నతనం చెప్పుకున్నారు. అప్పట్లో తెర మీద తమ యాస వినబడితే అది హాస్యగాడిదో, రౌడీదో అయ్యేదట. తాము కూడా పట్నం పోతే మాట మార్చుకునేవాళ్లమని, 'మా భూమి', 'దాసి' చూసినప్పుడు తమ అమ్మ మాట్లాడే మాట మొదటిసారి తల ఎత్తుకుని వినబడిందని అన్నారు. 'మా భూమి' 1979లో బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తీసింది, కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా. నిర్మాణంలో నర్సింగరావు ఉన్నారు.

పెద్దాయన చెప్పడం పూర్తయ్యాక కాసేపటికి మా వైపు ఒక మైకు తెరుచుకుంది. రెండు సమావేశాలు మౌనంగా ఉన్న ఆ తల్లి. "అన్నా, మీది యాస అని అందరికీ ఇప్పుడు తెలుసు. మాది యాస అని కూడా ఎవరికీ తెలీదు, తప్పు అనుకుంటారు" అంది. అంతే అంది. తర్వాత జరిగిన చర్చలో మొరసునాడు ఎక్కడ, కోలారు, ముళబాగిలు, హోసూరు వైపు తెలుగు ఎలా ఉంటుంది, 'పోయేకి', 'చేసేకి' అనే మాటలు ఎక్కడెక్కడ వాడతారు అని వాళ్లు అడుగుతూ పోయారు, మేము చెబుతూ పోయాం. "తమిళులైనా" అన్నాయనే ఎక్కువ ప్రశ్నలు అడిగారు.

ఆ నెల సినిమా ఎంచుకునే వంతు మాకు ఇచ్చారు. మేము 'సినిమా బండి' చెప్పాం. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ప్రవీణ్ కంద్రేగుల దర్శకుడు. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవరుకు ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊరివాళ్లందరూ కలిసి దానితో సినిమా తీయబోతారు. మరీ కఠినమైన కళాచిత్రం కాదు, నవ్విస్తుంది. కానీ దాంట్లో మాట మన మాటకు చాలా దగ్గర. మా ఇళ్లలో అవ్వాతాతలు కూడా కూర్చుని చూసిన సినిమా అదొక్కటే. ఆ శనివారం మాకు ఎవరూ అర్థాలు చెప్పాల్సిన అవసరం రాలేదు. మేమే చెప్పాం.

ఇది కొత్త పని కాదు

ఇలా కూడి సినిమా చూసి మాట్లాడుకోవడం ఫోన్లతో పుట్టలేదు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మరికొందరు కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని ఇలాంటి సంఘాలన్నిటికీ ఒక సమాఖ్య ఏర్పడింది. ఆ రోజుల్లో రీళ్ల పెట్టెలు రైల్లో తెప్పించుకుని, హాలు అద్దెకు తీసుకుని, ఒక్క రాత్రి ప్రదర్శన వేసుకునేవారు. మా తరంవాళ్లకు ఇంకొకటి గుర్తుంటుంది. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ఏదో ఒక భాష సినిమా, కింద ఇంగ్లీషు అక్షరాలతో వచ్చేది. ఊరికి ఒకటో రెండో టీవీలు. కరెంటు ఉంటే చూసేవాళ్లం, అర్థం కాకపోయినా చూసేవాళ్లం.

పల్లెలో ఇలాంటివి నడవవనే మాటకు జవాబు మనకు పక్క రాష్ట్రంలోనే ఉంది. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో హెగ్గోడు అనే చిన్న ఊరు. అక్కడ 1949లో నీనాసం అనే నాటక సంఘం మొదలైంది. కె.వి.సుబ్బణ్ణ దాన్ని పెంచారు. 1973లో దానికి అనుబంధంగా చిత్రసమాజం పెట్టి, లోకంలోని గొప్ప సినిమాలను ఆ పల్లెకు తెచ్చారు. ఆ ఊరివాళ్లు కురొసావా సినిమాలు, రాయ్ సినిమాలు చూశారు, వాటి మీద మాట్లాడుకున్నారు. సుబ్బణ్ణకు 1991లో మెగసెసే బహుమతి వచ్చింది. హెగ్గోడు జవళగిరి కన్నా పెద్ద ఊరేమీ కాదు.

ఇంకొక పేరు కూడా మనకు తెలిసి ఉండాలి. నెల్లూరులో పుట్టిన పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, 'ఫిడేలు రాగాల డజన్' రాసిన తెలుగు కవి. ఆయనే 1970లో అనంతమూర్తి నవల తీసుకుని కన్నడంలో 'సంస్కార' తీశారు. మద్రాసు సెన్సారు మొదట అడ్డం పడింది, తర్వాత విడుదలైంది. కన్నడ సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి తెచ్చిన మొదటి సినిమా అదే. ఆయన స్థిరపడింది మనకు గంటన్నర దూరంలో ఉన్న బెంగళూరులో. ఒక భాషలో కవిత్వం రాసిన మనిషి ఇంకొక భాష సినిమాకు దారి వేశాడు. భాషల మధ్య బతికే పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

తరగతి గదిలో ఒక నోటు పుస్తకం కథ

పెద్దవాళ్లం చూస్తూ ఉంటే పిల్లలు ఊరుకుంటారా? "మాకేది?" అన్నారు. ఒక శనివారం మధ్యాహ్నం ఐదు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ 1987లో తీసిన సినిమా వేశాం. దాని పేరును తెలుగులో 'స్నేహితుడి ఇల్లెక్కడ' అనుకోవచ్చు. అహ్మద్ అనే పిల్లాడు పొరపాటున స్నేహితుడి నోటు పుస్తకం ఇంటికి తెచ్చేస్తాడు. ఇంటిపని నోటు పుస్తకంలో రాయకపోతే బడి నుంచి పంపేస్తానని అయివారు అప్పటికే ఆ స్నేహితుణ్ణి బెదిరించి ఉన్నాడు. పుస్తకం ఇవ్వడానికి అహ్మద్ పక్క ఊరికి పరుగెత్తుతాడు. ఇల్లు తెలియదు. అడిగినవాళ్లెవరూ సరిగ్గా వినరు. కథ అంతే.

మాట పారసీ, కింద అక్షరాలు ఇంగ్లీషు. అక్కడక్కడ ఆపి మాలో ఒకరం తెలుగులో చెప్పాం. రెండోసారి ఆపినప్పుడు పిల్లలు వద్దన్నారు. "సార్, తెలుస్తా ఉంది. చూడనీయండి" అన్నారు. వాళ్లమ్మ బట్టలు ఉతుకుతూ, ఉయ్యాల ఊపమంటూ, కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోని చోట తరగతి అంతా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. అక్కడే ఉన్న ఇద్దరు తల్లులూ నవ్వారు, కాస్త తగ్గించి.

చివర్లో అహ్మద్ స్నేహితుడి ఇంటిపని తానే రాసి తెస్తాడు. "అది తప్పా, కాదా?" అని అడిగాం. పదిహేను నిమిషాలు గోల. కాపీ కొట్టడమే అన్నవాళ్లు కొందరు. కాదు, సాయం అన్నవాళ్లు కొందరు. ఆరో తరగతి పిల్లాడు ఒకడు లేచి "తప్పు అయివారిది. పిల్లాడు చెప్పేది విననే లేదు" అన్నాడు. తర్వాత సోమవారానికి ఒక్కో పేజీ రాసుకురమ్మంటే, ఎప్పుడూ నాలుగు వాక్యాలకు మించి రాయని పిల్లలు పేజీ నింపారు. తప్పులు బోలెడు. కానీ ఆ తెలుగు ఎవరి పుస్తకంలో నుంచీ దింపింది కాదు.

"దీనితో మార్కులు వస్తాయా?"

ఇది న్యాయమైన ప్రశ్న. సిప్‌కాట్‌లో పని చేసే ఆ తండ్రే అడిగారు. గులాబీ తోట అక్క భర్త ఆయన. పాప ఐదు దాటి ఆరుకు పోవాలి. ఆయన మనసు ఇంగ్లీషు మాధ్యమం మీద ఉంది. "ఫ్యాక్టరీ గేటు దగ్గర ఈ అక్షరాలు ఎవరు అడుగుతారు? 2006 చట్టంతో తమిళం ఎటూ చదవాలి. ఇంగ్లీషు కావాలి. మధ్యలో తెలుగు బరువు పిల్ల మీద ఎందుకు?" అన్నారు. మన బడుల్లో పిల్లల సంఖ్య తగ్గడానికి కారణం ఈ ప్రశ్నే. దీనికి భాషాభిమానంతో జవాబు చెప్తే చాలదు. ఆ తండ్రికి భాష మీద ప్రేమ లేక కాదు, కూతురి మీద భయం ఉంది కాబట్టి అడుగుతున్నాడు.

సినిమా చర్చ మార్కులు తేదు. ఆ మాట ముందే చెప్పాం. అది తెచ్చింది ఇంకొకటి. చూసినదాని గురించి ఒక అభిప్రాయం ఏర్పరచుకుని, దానికి కారణం చెప్పి, ఒప్పుకోనివాళ్ల మాట విని, మళ్లీ జవాబు చెప్పడం. ఇది ఏ భాషలో నేర్చినా ఇంకో భాషకు పనికొస్తుంది. కానీ మొదట నేర్చేటప్పుడు నోటికి బాగా అలవాటైన భాష కావాలి. మా పిల్లలకు అది ఇంట్లో ఉంది, బడిలో ఉంది. రెండూ కలిసే చోటు మాత్రం లేకపోయింది.

ఆ ఇంట్లో వాదన రెండు నెలలు నడిచింది. మధ్యలో ఒక శుక్రవారం పాపకు జ్వరం. కబురు వచ్చింది, చదివేవాళ్లు లేరు. తల్లి ఫోను తీసుకుని, కూతురి రెండో తరగతి వాచకం పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం పోల్చుకుంటూ గంటన్నరసేపు ఆ పేజీ చదివింది. సగం చదివాక భర్త వచ్చి పక్కన కూర్చున్నారట. ఆయనకూ రాదు. ఇద్దరూ కలిసి ముగించారు. ఈ సంగతి ఆమె మాకు గొప్పగా చెప్పలేదు, నవ్వుకుంటూ చెప్పింది.

జూన్‌లో పాప తెలుగు మాధ్యమంలోనే ఆరో తరగతిలో చేరింది. ఇంగ్లీషుకు సాయంత్రం విడిగా నేర్పిస్తున్నారు. సినిమాల వల్లే ఇలా జరిగిందని మేము చెప్పుకోం. వచ్చే ఏడు ఆయన మనసు మారవచ్చు కూడా. ఈ ఏడు మాత్రం మారలేదు.

మీరూ మొదలుపెట్టాలంటే

ఏడాదిలో మేము తప్పులు చేసి నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ చెప్తున్నాం.

పెద్ద బృందంలో చేరే ముందు మీ బడి దగ్గర నలుగురో ఐదుగురో జత కూడండి. ఒంటరిగా చేరితే మొదటి చిన్న అవమానానికే వదిలేస్తారు. మేము నిలబడింది ఎనిమిది మందిమి కాబట్టే.

సినిమాను ఒకే రాత్రి పూర్తి చేయాలని లేదు. పనికి పోయి వచ్చినవాళ్లకు రెండు రాత్రులుగా చూడటం తేలిక. నిద్ర వస్తే పడుకోండి. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, ఎందుకో చెప్పండి. 'గొప్ప సినిమా' అని ఎవరో అన్నందుకు తల ఊపనక్కర లేదు.

అందరూ ఒక్కసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదనే నియమం పెట్టుకోండి. ఇది లేకపోతే ఉపాధ్యాయులమే మాట్లాడేస్తాం, తల్లులు వింటూ ఉండిపోతారు. మొదటి నెల మా దగ్గర జరిగింది అదే.

పిల్లలకు వేసే ఏ సినిమా అయినా పెద్దవాళ్లు ముందుగా పూర్తిగా చూడాలి. పేరు మంచిదని, బహుమతి వచ్చిందని పిల్లల ముందు పెట్టేయకండి. దొంగ ప్రతులు వద్దు. హక్కులున్నవాళ్లు స్వయంగా పెట్టిన సినిమాలు, చందా కట్టి చూసేవి చాలానే దొరుకుతాయి. నలుగురికి ఒక చందా చాలు, ఒకరింట్లో కూర్చుని చూడవచ్చు.

తెలుగు సినిమాలకే పరిమితం కావద్దు. కన్నడ 'తిథి' (2015) చూడండి, మండ్య జిల్లా పల్లెలో ఆ ఊరివాళ్లే నటించిన సినిమా. తమిళ 'కాక్కా ముట్టై' పిల్లలతో కలిసి చూడండి. వాటి గురించి తెలుగులో మాట్లాడుకోండి.

ఒక మాటల పుస్తకం పెట్టండి. చర్చలో వచ్చిన కొత్త మాట ఒక వైపు, మన ఊళ్లో దానికి అనే మాట ఇంకో వైపు. మా బడిలో ఆ పుస్తకం రాసేది పిల్లలే. అవ్వాతాతల్ని అడిగి రాస్తారు. రెండో వైపే ఎక్కువ నిండుతోంది.

ఈ నెల మళ్లీ ఏనుగుల కాలం మొదలైంది. వచ్చే శనివారం సినిమా 'మట్టి మనుషులు'. నర్సింగరావే తీసింది, పట్నానికి కట్టడం పనులకు వలస పోయినవాళ్ల కథ. మా వైపు నుంచి బెంగళూరుకు అదే పనికి పోయిన కుటుంబాలు ఉన్నాయి, వాళ్లలో ఇద్దర్ని ఈసారి పిలిచాం. వాళ్లకు పంపే కబురు గులాబీ తోట అక్కే రాసింది. మూడు వాక్యాలు. ఒక ఒత్తు తప్పు పోయింది. దిద్దుదామని ఒకరన్నారు. కూతురు దిద్దుతుందిలే అని వదిలేశాం.